మలేసియాలో శతాబ్ది నడిమినాటి గృహములు, వాని పునరుద్ధరణము

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, సుమారుగా 1945 మొదలు 1970 వఱకు, మలయా ద్వీపకల్పపు పట్టణములయందు ఇటుకతోను సిమెంటు కాంక్రీటుతోను కట్టబడి, గాజు పలకల కిటికీలను, జాలీ గోడలను, వెడల్పైన చూరులను, నునుపైన మొజాయిక్ గచ్చును తమ లక్షణములుగా గల నివాసములు శతాబ్ది నడిమినాటి గృహములని వ్యవహరింపబడుచున్నవి. కంబములపై నిలిచిన మలయ్ కొయ్యయిండ్లకును, ముందు అంగడియు వెనుక కాపురమును గల చీనా వర్తకుల యిండ్లకును ఉన్న ప్రఖ్యాతి వీనికి లేదు. ప్రాచీనమని కాపాడుటకు వయస్సు చాలక, క్రొత్తదని మెచ్చుకొనుటకు వయస్సు మించి, ఇవి నేడు కూలగొట్టబడుటకో, గుర్తుపట్టరాని విధముగ మార్చబడుటకో ఎదురుచూచుచున్నట్లున్నవి.

ఇట్టి యింటిని నేటి కాపురమునకు తగినట్లు సవరించుకొనుచునే దాని మూలస్వభావమును నిలుపుకొనుట యెట్లు అనునది ఈ వ్యాసమునకు విషయము. ఆ స్వభావము ముఖద్వారపు తీరులోనో, గోడల రంగులోనో ఉన్నదని తలచువారు పెక్కురు. నిజమునకు అది ఆ యింటి సందులలో, రంధ్రములలో, మేస్త్రీ మూయకుండ విడిచిన చోట్లలో ఉన్నది. ఈ సంగతి తెలియక చేసిన మరమ్మతు ఇంటి ముఖమును యథాతథముగ నిలిపియు దాని ఊపిరి తీయగలదు.

పుట్టుక

ఈ తరగతి గృహములను గూర్చి చెప్పవలసివచ్చినపుడు మొదట చెప్పదగిన ఊరు పెటాలింగ్ జయ. 1948లో ఆరంభమై 1960 వఱకు సాగిన కమ్యూనిస్టు తిరుగుబాటు కాలమున, అడవి అంచులనుండు సుమారు 5 లక్షల గ్రామీణులను ప్రభుత్వము కంచెలు గల క్రొత్త గ్రామములకు తరలించెను. కౌలాలంపూరు చుట్టును గుడిసెలు కిక్కిరిసెను. ఆ రద్దీని తగ్గించుటకై నగరమునకు నైరుతి దిశను ఎఫింగ్‌హాం అను సుమారు 1,200 ఎకరముల రబ్బరు తోటలో 1952-53 ప్రాంతమున ఈ ఉపనగరమునకు పునాది వేసిరి. తోటను కొట్టి తీసిన ఆ వీథులకు పేర్లకంటె అంకెలే ఎక్కువగా పెట్టబడెను: 'జాలాన్ 5/12' అన్నచో అయిదవ సెక్షనులోని పండ్రెండవ వీథి యని అర్థము. తొలుత చిన్న జీతగాండ్రకై వేసిన పొట్టి యిండ్లు, పిమ్మట గుట్టల వాలులందు ఉద్యోగులకును వైద్యులకును ఆచార్యులకును లేచిన విశాలమైన యిండ్లు, 1960ల నుండి మధ్యతరగతికై బారులు తీర్చిన వరుస యిండ్లు — ఈ మూడు పొరలును ఒకే ఊరిలో నడిచి చూడదగియున్నవి.

అచ్చటి వాడుక మాటలు మనవారిని కొంత తికమకపెట్టును. మేడ యైనను, మిద్దె యైనను, నాలుగు వైపుల ఖాళీస్థలమున్నచో అది 'బంగళా'. నడిమి గోడను పంచుకొన్న జంట యిల్లు 'సెమీ-డీ'. రైలుపెట్టెలవలె ఒకదానినొకటి అంటుకొని సాగునది 'లింక్ హౌస్' లేక 'టెరస్ హౌస్'. మనకు టెరస్ అనగా ఇంటిపైనుండు చదునైన కప్పు గనుక, టెరస్ హౌసు కొన్నానని మలేసియా బంధువు వ్రాసిన జాబు చదివి, పాపము మేడమీది గదిలో తల దాచుకొన్నాడు కాబోలునని జాలిపడు పెద్దలుండిన ఆశ్చర్యము లేదు. 'తామాన్' అనగా తోట. నేడు ఇండ్ల కాలనీకి అదే పేరు.

1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యము వచ్చుటతో, క్రొత్త రాజ్యమునకు క్రొత్త రూపము కావలెనను కోరిక బలపడెను. స్టాన్లీ జ్యూక్స్ రూపొందించిన మెర్దెకా స్టేడియము (1957), ఐవర్ షిప్లీ పార్లమెంటు భవనము (1963), బహారుద్దీన్ అబూ కాసిము తన సహచరులతో గూడి రచించిన జాతీయ మసీదు (1965), కింగ్టన్ లూ రూపొందించిన సుబాంగు విమానాశ్రయము (1965), మలయా విశ్వవిద్యాలయపు మహాసభామందిరము (1966) ఈ పదేండ్ల పంట. లిం చోంగ్ కియట్, చెన్ వూన్ ఫీ, విలియం లిం అను ముగ్గురు 1960లో స్థాపించిన మలయన్ ఆర్కిటెక్ట్స్ కో-పార్ట్‌నర్‌షిప్ ఈ తరమునకు మారుపేరు. వీరికి పూర్వమే, 1928లో వచ్చిన బి. ఎం. ఐవర్సెన్ అను డేనిష్ వాస్తుశిల్పి ఈపో పట్టణమున స్థిరపడి, సినిమా హాళ్లతోబాటు ఎన్నో నివాసములకు ఈ నూతన రీతిని పరిచయము చేసియుండెను. ప్రభుత్వ భవనములయందు పెద్దయెత్తున ప్రయోగింపబడిన ఎండమఱుగులే సామాన్యుని యింట జాలీ ఇటుకలై, సజ్జలై చిన్న రూపమున దిగివచ్చినవి.

ఉష్ణదేశములలో ఇల్లు కట్టుట ఒక ప్రత్యేకశాస్త్రమను భావన అప్పుడే రూపుదిద్దుకొనుచుండెను. లండనులోని ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ పాఠశాలలో 1954లో ఉష్ణమండల వాస్తుశాఖ తెరువబడెను. మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతుల తేమదేశ వాస్తుగ్రంథము 1956లో వెలువడెను. తెలుగు పాఠకునకు దీనికంటె దగ్గరి చుట్టము పుదుచ్చేరిలోనే కలదు. అరవిందాశ్రమమునందు ఆంటోనిన్ రేమండ్ రూపొందింపగా 1930ల చివర పని మొదలై 1940లలో పూర్తియైన వసతిగృహమునకు గోడలకు బదులు త్రిప్పదగిన కాంక్రీటు పలకలే ఉన్నవి. దానికి ధనము దివాను సర్ అక్బర్ హైదరీ మూలమున హైదరాబాదు నిజామునుండి వచ్చినది కావున ఆ భవనమునకు 'గోల్కొండ' అని పేరు పెట్టిరి. పెటాలింగ్ జయలోని ఒక గుమాస్తా యింటి కిటికీకిని ఆ భవనపు గోడకును సూత్రము ఒక్కటే.

గాలి, ఎండ, వాన

కౌలాలంపూరు భూమధ్యరేఖకు ఉత్తరమున 3 డిగ్రీల దూరమున నున్నది. దీని ఫలితము ఆంధ్రదేశమునుండి వెళ్లినవారికి వెంటనే తట్టదు. మనకు సంవత్సరములో అధికభాగము మధ్యాహ్నపు ఎండ దక్షిణమునుండి వచ్చును. ఉత్తరపు గోడ చల్లగా నుండును. అచ్చట జూను మాసమున మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగ 20 డిగ్రీలు వ్రాలును, డిసెంబరులో దక్షిణముగ 26 డిగ్రీలు వ్రాలును. కాబట్టి ఆ రెండు ముఖములకును సజ్జలు తప్పవు. తూర్పు పడమరల వాలుటెండను సజ్జ యాపలేదు గనుక ఆ ప్రక్కల జాలీ గోడయో, గుడ్డిగోడయో ఉండును. రాయలసీమలో మూడడుగుల మట్టిగోడ పగటి వేడిని దాచుకొని రాత్రి చల్లబడు ఉపాయము అచ్చట పనిచేయదు. పగలు 32, 33 డిగ్రీలు, తెల్లవాఱుజామున 24. తేమ ఎన్నడును విడువదు. అట్టిచోట శరీరమునకు హాయి నిచ్చునది కదలెడు గాలి యొక్కటే. అందుచేత ఆ యిండ్ల గోడలు నాలుగున్నర అంగుళముల పలుచని ఇటుకగోడలు. వానిలో మూసినంత మేర విడిచిపెట్టినదియు నుండును.

సంవత్సరమునకు సుమారు 2,500 మిల్లీమీటర్ల వాన పడు ఆ ఊరిలో, గాలిని రానిచ్చి వానను ఆపుట అసలు చిక్కు. దీనికి నాటివారు కనిపెట్టిన సాధనము గాజు పలకల కిటికీ. అల్యూమినియము పట్టీలకు రెండు ప్రక్కల బిగించిన పిడికిళ్లలో అడుగున్నర మొదలు మూడడుగుల పొడవు గల గాజు పలకలు ఒకదానిమీద నొకటి వరుసగా దూరియుండును. ప్రక్కనున్న చిన్న మీట లాగినచో అన్నియు ఒక్కసారిగ కనురెప్పలవలె వాలును. అచ్చటివారు దానిని 'నాకో' యనియే పిలుతురు. అది మొదట ఒక తయారీదారు పేరు. వాన కురియుచుండగా పలకలను సగము వాల్చి కూర్చున్నచో జల్లు వెలుపలనే జాఱిపోవును, మట్టివాసనతో గూడిన గాలి మాత్రము ముఖమునకు తగులును. తలుపు కిటికీల పైభాగమున గోడలో విడిచిన చిల్లుల ఇటుకలు ఎప్పుడును మూయబడవు. ఇంటివారు నిద్రించుచున్నను వేడిగాలి వానిగుండ వెడలిపోవుచునే యుండును.

వరుస యింటికి మఱియొక కష్టము గలదు. వెడల్పు 20 లేక 22 అడుగులు, పొడవు 70కి పైబడి. ఇరుప్రక్కల గోడలు పొరుగువారితో ఉమ్మడి. నడిమి గదికి వెలుతురెక్కడిది? ఆ ప్రశ్నకు సమాధానమే 'ఎయిర్‌వెల్' అను బావివంటి ఖాళీ. గోదావరి జిల్లాల మండువా లోగిలి ఎఱిగినవారికి దీనిని వర్ణింప నక్కఱలేదు: ఇంటి నడుమ ఆకాశమునకు తెఱచిన చతురస్రము, దిగువ నీరు పోవు తూము, చుట్టును గదులు. మండువాలో నాలుగు వాలుల పెంకులనుండి ధారలు దిగి నడిమి తొట్టిలో పడినట్లే, ఇచ్చటను సాయంకాలపు వాన గచ్చుపై దభదభ పడి, ఇల్లంతయు ఒక్కసారి రెండు మూడు డిగ్రీలు చల్లబడినట్లగును. ముందు కిటికీలనుండి వచ్చిన గాలి ఈ రంధ్రముగుండ పైకి లేచిపోవును. ఇల్లు ఊపిరి తీయుట యన్నది ఇచ్చట అలంకారము గాదు.

ఇప్పుడు మరమ్మతుల సంగతి. కొన్నవారు మొట్టమొదట చేయునది ఈ ఖాళీపై పారదర్శకమైన పాలికార్బొనేటు రేకు కప్పి, గచ్చు ఎత్తి, ఆ మేర గదిలో కలుపుకొనుట. నలువది యేబది చదరపుటడుగులు లాభము. పిమ్మట వెనుకనున్న పెరటిని ప్రహరీ వఱకు కప్పి వంటిల్లు పెంచుదురు. కారు నిలుపు ముంగిటిని రేకుతో వీథి దాక పొడిగింతురు. ఈ మూడు పనులును జరిగిన యింట పట్టపగలు దీపము వెలిగింపవలసివచ్చును. గాలి నిలిచిపోయినందున ఎ.సి. పెట్టుదురు, ఎ.సి. చల్లదనము కాఱిపోకుండ గాజు పలకల కిటికీలు తీసివేసి జరుపుడు కిటికీలు బిగింతురు; చిల్లుల ఇటుకలను సిమెంటుతో పూడ్తురు. చిత్రమేమనగా, కష్టమంతయు అక్కడినుండియే ఆరంభమగును. వెలుపలి గాలిలోని తేమ 24 డిగ్రీలవద్దనే నీరుగా మారు స్థితిలో నుండగా, గదిని 20 డిగ్రీలకు చల్లబఱచిన యెడల పలుచని గోడ వెలుపలి ముఖము, పైకప్పు పలకలు, ప్రక్కగది గోడ చెమర్చును. నాలుగు మాసములలో నల్లని బూజు పట్టును. దానిని కడిగి, నీరు చొరని రంగు పూయుదురు. అపుడు తేమ గోడలోపలనే చిక్కుకొని పూత ఉబ్బి ఊడును. ఒక్క రంధ్రమును మూసిన పాపమునకు ఇంత పరంపర!

దీనికి మందు సులభమైనదే. ఎ.సి.ని ఒకటి రెండు పడకగదులకు పరిమితము చేసి, ఆ గదుల గాజు పలకల కిటికీలకు లోపలివైపున మాత్రము తెఱచి మూయదగిన రెండవ గాజు తలుపు పెట్టుట; తక్కిన యిల్లు పంకాలకును గాలికిని విడుచుట. ఎయిర్‌వెల్‌ను కప్పక తప్పదనుకొన్నచో గోడకంటె అడుగెత్తున, ప్రక్కలు తెఱచి, వాలుగా కప్పవలెను. జల్లు ఆగును, గాలి ఆగదు. దొంగల భయము ఉన్నది గనుక పైన ఇనుప ఊచల చట్రము పెట్టుకొనుట తప్పు గాదు. పెంకుల క్రింద వెండిరేకు వంటి వేడినిరోధకపు పొరను పఱచుట ఇంటి రూపమును ఏమాత్రమును మార్చక వేడిని తగ్గించు పని. ఖర్చునకు తగ్గ ఫలమిచ్చు మార్పులలో దీనినే మొదట చెప్పవలెను.

గచ్చు, పూత, ఇనుము, కొయ్య

మన యూళ్లలో మొజాయిక్ అని పిలువబడు గచ్చునకు అచ్చట టెర్రాజో అని పేరు. పాలరాతి ముక్కలను సిమెంటులో కలిపి, నడుమ నడుమ ఇత్తడి పట్టీలతో గడులు కట్టి, పోసి, ఆఱిన పిమ్మట రాయితో అరగదీసి మెఱుగుపెట్టుదురు. ఏబది యేండ్లు ఒత్తిన పాదములకు కూడ దాని నునుపు తరుగదు, పెరుగును. ఇట్టి గచ్చుపై రెండడుగుల పోర్సలీన్ పలకలు అతికించుట నేటి అలవాటు. పలక అంటుటకై పాత గచ్చునకు ఉలితో గంట్లు పెట్టుదురు. ఆ గంట్లు పడినది మఱి తిరిగి రాదు. అంతటితో ఆగునా? నేల అంగుళము లేచును గనుక తలుపుల అడుగు కోయవలసివచ్చును, మెట్లలో మొదటిది పొట్టియై, వృద్ధులు ఆ ఒక్క మెట్టువద్దనే తడబడుదురు.

చీలిన టెర్రాజోను బాగుచేయు విధానము ఓర్పు కోరునది. చీలిక వెంట సిమెంటు మెత్తుట చౌకయైనను నేలపై నల్లని తీగవలె కలకాలము కనబడును. గడి నంతటిని ఇత్తడి పట్టీ దాక తొలగించి, ముక్కల పరిమాణమును రంగును పోల్చి, మూడు నాలుగు చిన్న బిళ్లలు మాదిరిగ పోసి చూడవలెను. తడిసిన సిమెంటు ముదురుగను, ఎండిన పిమ్మట లేతగను అగును కావున బిళ్లలు పోసిన నాడే రంగు సరిపోయినదని తలయూపిన యజమాని పిమ్మట నొచ్చుకొనును. కొన్ని వారములాగి, అరగదీసి, నీటితో తడిపి, పాత గచ్చు ప్రక్కన పెట్టి చూచుటయే పద్ధతి. నలుపు, తెలుపు, ఎఱుపు ముక్కలు ఏ పాలున కలిసినవో ఒక పాత మేస్త్రీ దోసిలితో కొలిచి చెప్పగలడు. యంత్రముతో మెఱుగుపెట్టు కుఱ్ఱవానికి ఆ లెక్క తెలియదు. ఆమ్లముతో కడుగుట మాత్రము ఎన్నటికిని కూడదు. పాలరాయి సున్నపురాయి జాతి గనుక ఆమ్లము దానిని తినివేయును.

వెలుపలి గోడలకు నాడు వేసిన 'షాంఘై పూత' మఱియొక విశేషము. సిమెంటులో సన్నని నల్లరాతి ముక్కలను కలిపి పూసి, పూర్తిగా ఆఱకముందే పైనీరు చల్లి కడిగినచో రాతిముక్కలు బయటపడి, గోడ చెక్కిన రాయివలె కనబడును. దానికి రంగు అక్కఱలేదు. అదే దాని గుణము. కాని నల్లని నాచు మరకలు చూచి ఓర్వలేక యజమాని రంగు కొట్టించును. ఒక్క పూతతో రాతిముక్కల మెఱపు మాయమగును, పిమ్మట అయిదేండ్లకొకసారి రంగు వేయుట విధి యగును. మెత్తని కుంచెతో, తక్కువ ఒత్తిడి గల నీటితో కడుగుటయే దానికి తగిన సేవ.

కిటికీల ఇనుప గ్రిల్లులను గూర్చి చెప్పకుండుట అన్యాయము. యంత్రాగారములు చేసినవి గావు, ఊరి కమ్మరులు ఇనుప పట్టీలను వంచి అతికినవి. వజ్రాకృతులు, అర్ధచంద్రులు, సూర్యకిరణములు, గీతలపై గీతలు. ఒక వీథిలో ఇండ్లన్నియు ఒక్క అచ్చున పోసినట్లున్నను గ్రిల్లును బట్టి ఎవరి యిల్లేదో పోల్చుకొనవచ్చును. తుప్పు పట్టినదని పాత సామానుల వానికి అమ్మివేయక, విప్పి, తుప్పు గీచి, అడుగుపూత వేసి మరల బిగించుట క్రొత్తది కొనుటకంటె ఎక్కువ ఖర్చేమియు గాదు.

కొయ్యలో చెంగాల్ జాతి శ్రేష్ఠము: ఘనమీటరు 900 కిలోలకు మించి తూగును, చెదలు దానిజోలికి పోవు. అట్టి ద్వారబంధములు దొరకిన యింట వానిని పెఱికి అల్యూమినియము పెట్టువారికి ఏమి చెప్పగలము? మెరంతి వంటి తేలిక కొయ్యతో చేసిన పైకప్పు పట్టీలు మాత్రము చెదల పాలగుట సామాన్యము. అచ్చట చెదలకు 'ఆనాయ్-ఆనాయ్' అని పేరు. ఉమ్మడి గోడ గల వరుస యిండ్లలో ఒక యింటివారు మందు కొట్టించినచో అవి ప్రక్కింటికి కాపురము మార్చును. కావున ఈ విషయమున పొరుగువారితో సఖ్యము మందుకంటె ముఖ్యము.

కంటికి కానరాని పనులు

పాతదనమును కాపాడవలెనను ఉత్సాహమున అన్నింటిని కాపాడరాదు. 1950లనాటి రబ్బరుపూత తీగలు నేడు పొడియై రాలును. కొన్ని దీపపు తీగలకు భూసంధానమే లేదు. వానిని పూర్తిగా మార్చవలెను; స్నానపుగది నీటి హీటరునకు 10 మిల్లీయాంపియర్ల వద్దనే విద్యుత్తును త్రుంచు రక్షణపరికరము పెట్టుట అచ్చటి ఆచారము. ఇనుప నీటిగొట్టములు లోపల తుప్పుతో పూడి, గడ్డిపోచంత ధార వదలును. గోడలను తొలిచి గొట్టములు దాచుటకంటె, వంటింటి అటక మీదుగనో, ఎయిర్‌వెల్ మూలనో కనబడునట్లే నడుపుట ఉమ్మడి గోడలకు క్షేమము.

పైకప్పు పలకలును, కార్ల షెడ్డు రేకులును పెక్కుచోట్ల ఆస్బెస్టాసు కలిసిన సిమెంటువి. పగులకుండ ఉన్నంతవఱకు వానివలన హాని తక్కువ; పగులగొట్టినపుడు లేచు నూలువంటి ధూళియే ఊపిరితిత్తులకు మృత్యువు. నీటితో తడిపి, మేకులు విప్పి, పలక విఱుగకుండ దింపి, అనుమతి గలవారిచేత తరలింపవలెను. 2005నాటి నిబంధనలు ఆస్బెస్టాసు వ్యర్థములను ప్రమాదకర వ్యర్థముల పట్టికలో చేర్చినవి. ఇక సజ్జల అడుగున కాంక్రీటు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనబడుట ఈ యిండ్ల సాధారణరోగము. గాలిలోని బొగ్గుపులుసు వాయువు దశాబ్దములుగ కాంక్రీటులోనికి చొచ్చి, చువ్వకు రక్షయైన క్షారగుణమును పోగొట్టగా చువ్వ తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును చీల్చును. పైపైన మెత్తినచో రెండేండ్లలో మరల ఊడును. చువ్వ వెనుక దాక చెక్కి, తుప్పు తీసి, పూత పూసి, పిమ్మట పూడ్చవలెను. నాటి సజ్జలు కాగితమువలె పలుచన. వానిని రెట్టింపు మందమున తిరిగి పోసినచో ఇల్లు బరువైన కనుబొమలతో కోపగించినట్లుండును.

హాలునకును వంటింటికిని నడుమనున్న గోడను తీసివేయుట నేటి గృహిణులందఱి కోరిక. నాలుగున్నర అంగుళముల గోడ బరువు మోయదని కాంట్రాక్టరు చెప్పు మాటను నమ్మరాదు. పాత యిండ్లలో అట్టి గోడలు పైఅంతస్తును మోయుచుండుట కలదు. 1974నాటి వీథి, మురుగు, భవన చట్టమును, 1984నాటి భవన ఉపనియమములును అనుసరించి, పట్టణసభ అనుమతియు ఇంజనీరు పరీక్షయు కావలసియుండును.

తెలుగువారి యిండ్లు

శ్రీకాకుళ, విశాఖ, గోదావరి సీమలనుండి తోటపనులకై తరలిన తెలుగువారు దిగువ పేరాక్‌లోని బాగాన్ డాటో ప్రాంతపు కొబ్బరి తోటలయందును, రబ్బరు తోటలయందును మొదట నివసించినది కూలి లైన్లలో: ఒక పొడవైన కప్పు, దానిక్రింద బారుగా గదులు, కుటుంబమునకొక గది. 1955లో మలయా ఆంధ్ర సంఘము వెలసి, 1981లో కౌలాలంపూరున రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు జరుగునాటికి, వారి పిల్లలలో అనేకులు పట్టణపు వరుస యిండ్లకు చేరిరి. లైను గదికిని లింక్ హౌసుకును ఉమ్మడి గోడ సమానమే. తేడా ముంగిలి, ఎయిర్‌వెల్, సొంత పత్రము. అట్టివారు ఇల్లు పెద్దది చేసుకొనుటకు తొందరపడినచో తప్పుపట్టు హక్కు మనకు లేదు.

అయినను ఈ యిండ్లు తెలుగు కాపురమునకు ఎంత ఒదుగునో గమనింపదగును. కారు నిలుపు ముంగిటి నేలపై ముగ్గు చక్కగా తేలును. గ్రిల్లు తలుపునకు మామిడాకులు కట్టుట తేలిక. తులసికోటకు ఎయిర్‌వెల్‌ను మించిన చోటు లేదు. పూజగది కావలసినవారు మెట్లక్రింది సామానుగదిని వాడుకొనుట కంటె, హాలు మూలలో చిల్లుల ఇటుకలున్న గోడవద్ద కొయ్య మందిరము పెట్టుకొన్నచో హారతి పొగ నిలువదు. వాస్తు పేరిట ముఖద్వారమును ఒక ప్రక్కనుండి మఱొక ప్రక్కకు జరుపుట మాత్రము ఈ యిండ్లకు గండము: ముందు గోడలోని కిటికీల వరుసయంతయు ఒక లెక్కకు కట్టినది, దానిలో ఒకటి చెడినచో అన్నియు చెడును. చీనా యిరుగుపొరుగువారు ఫెంగ్ షుయ్ పేరిట ఇదే పని చేయుదురు. ఈ విషయమున రెండు ప్రాచీన నాగరికతలును ఏకీభవించినవి.

చట్టము, ఉదాహరణములు

పాత కట్టడములను గూర్చి మలేసియాలో 1948 ఒక గీటు. 1966నాటి అద్దె నియంత్రణ చట్టము 1948 జనవరి 31కి పూర్వపు కట్టడములకే వర్తించెను. అద్దెలు పెరుగనందున ఎవరును వానిని మార్చలేదు, కూల్చలేదు. పేదఱికమే అచ్చట పరిరక్షకుడయ్యెను. 1997లో ఆ చట్టము రద్దుచేయబడి, గడువు ముగిసి 2000 నుండి అద్దెలు విడువబడగా పెనాంగులోని జార్జిటౌన్‌కు ముప్పు వాటిల్లెను. 2008లో జార్జిటౌన్, మెలకా ప్రపంచ వారసత్వ పట్టికకెక్కుటతో కొంత కుదుటపడెను. 1948 తరువాతి యిల్లు ఈ రెంటికిని చెందలేదు. 2005నాటి జాతీయ వారసత్వ చట్టమునందు కట్టడము వయస్సు కంటె దాని ప్రాముఖ్యము ముఖ్యము. అయినను ఒక సామాన్య గృహము ప్రాముఖ్యమును నిరూపించుట కష్టము. ఆ చట్టము వచ్చిన మఱుసటి యేడే, 2006 డిసెంబరులో, కౌలాలంపూరు అంపాంగ్ వీథిలోని 1929నాటి బోక్ సౌధమే కూల్చబడెను. 1983లో ఏర్పడిన బడాన్ వారిసాన్ మలేసియా సంస్థ ఇట్టి వానికై పోరాడుచున్నది. అమెరికాలోని కాలిఫోర్నియాలో జోసెఫ్ ఐక్లర్ కట్టించిన సుమారు 11,000 యిండ్లకు నేడు వానిని వెదకి కొను అభిమానులు కలరు. పెటాలింగ్ జయలో స్థలమునకు వెల, ఇంటికి సున్న.

నిలిచిన ఉదాహరణములు కొన్ని కలవు. రెండవ ప్రధాని తున్ అబ్దుల్ రజాకు 1962 మొదలు 1976 వఱకు నివసించిన 'శ్రీ తామాన్' 1982లో ఆయన స్మారకమందిరమయ్యెను, నటగాయకుడు పి. రామ్లీ 1973లో మరణించు వఱకు ఉండిన సెతాపాక్‌లోని యిల్లు 1986లో ప్రదర్శనశాల యయ్యెను. మ్యూజియముగా మార్చుట ఒక విధముగ సులభము: అచ్చట ఎవరును వంట చేయరు, ఎవరికిని మూడవ స్నానపుగది అక్కఱలేదు. కంపుంగ్ అతాప్‌లోని 1950లనాటి జోంగ్‌షాన్ భవనమును చిత్రశాలలకును పుస్తకాల అంగళ్లకును ఇచ్చి, మెట్లు, గచ్చు, కిటికీలు చెడకుండ 2017 నుండి నడుపుచున్న తీరు దీనికంటె ఆదర్శప్రాయము. బాంగ్సార్‌లో ఉద్యానశిల్పి ఎంగ్ సెక్ సాన్ సాధారణపు యిండ్లను తీసికొని, గోడల పూత గీచివేసి, ఇటుకను బయటపెట్టి, చెట్లను లోనికి పిలిచెను. గాలి విషయమున ఆయన పని మెచ్చదగినది. పూత గీచివేయుట మాత్రము ఆ కాలపు మేస్త్రీకి నచ్చియుండదు, ఏలయన నునుపైన పూతయే అతని గర్వము.

చివరి చిక్కు కౌలుది. పెటాలింగ్ జయలోని పాత సెక్షనుల స్థలములలో పెక్కు 99 ఏండ్ల కౌలుకు ఇయ్యబడినవి. 1950లలో వ్రాసిన పత్రములు 2050లలో ముగియును. గడువు తగ్గుకొలది బ్యాంకులు అప్పిచ్చుటకు వెనుదీయును, పొడిగింపునకు రాష్ట్రప్రభుత్వమునకు రుసుము చెల్లింపవలెను. ఆ సొమ్ము చెల్లించిన యజమానికి టెర్రాజో బిళ్లలు ఆఱు వఱకు ఆగు ఓపిక ఉండదు, చెల్లింపనివానికి సజ్జ బాగుచేయించు ఉత్సాహముండదు. అందువలన ఇట్టి యిల్లు కొనదలచినవారు గ్రిల్లును, గచ్చును, ఎయిర్‌వెల్‌ను చూచుటకు ముందు పత్రముపైనున్న సంవత్సరమును చూచుట మంచిది.